ధనుంజయ తీసేసిన లైను

"వైరస్ వచ్చిందమ్మా," అన్నాడు ధనుంజయ, ఇంటికి చుట్టం వచ్చాడన్నంత తేలిగ్గా. "డి డ్రైవంతా ఊడ్చుకోని పోయింది. మనం చేసేదేముంది."

వీణ ఇంకా చెప్పులు విప్పలేదు. రోజూలాగే హిందూపురంలో పొద్దున్నే ప్యాసింజరెక్కి, ధర్మవరంలో దిగి, స్టేషన్ నుంచి నడిచి వచ్చింది. గుమ్మంలో నిలబడే ఆ మాట విన్నది, విన్నచోటే ఒళ్ళు మండింది. డ్రైవు పోయిందన్న సంగతి బుర్రకెక్కడానికి ఇంకా కొంచెం సేపు పట్టింది గానీ, ముందు మండించింది ఆ గొంతు. తప్పు చేసినప్పుడల్లా ధనుంజయ గొంతు అట్లా నున్నగా అయిపోతుంది. రెండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మనిషికి అది తెలియకుండా ఉంటుందా?

బయట అరుగు మీద రంగనాయకమ్మ కూర్చుని కాఫీ తాగుతోంది. యాభై దాటిన మనిషి. ఆ వీధిలో మగ్గం ఎక్కే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, తన చీరకు తానే బొమ్మ గీసుకునేది ఆమె ఒక్కతే. ఈ ఎండాకాలమంతా కూర్చుని, శ్రావణం పెళ్ళిళ్ళకని ఒక తేరు కొంగు గీసింది. పైన గొడుగు, దాని కింద అంతస్తులు, అంతస్తు అంతస్తుకూ హంసల వరుస, అట్టడుగున చక్రాలు. ఇంట్లో మగ్గానికి పడుగు పోగులు ఎక్కించి పెట్టుకుంది. ఈ రోజు అట్టలు కొట్టించుకుని పోతే రేపటి నుంచి నేత మొదలు. అట్టలు చేతికి రాకపోతే శ్రావణమంతా ఆ మగ్గం ఖాళీ.

అట్టలంటే జకార్డ్ మగ్గానికి పైన వేలాడే రంధ్రాల అట్టలు. ఏ చోట రంధ్రం ఉంటే ఆ పోగు లేస్తుంది, బొమ్మ పడుతుంది. ఒకప్పుడు గ్రాఫు కాగితం ఎదురుగా పెట్టుకుని ఒక్కో రంధ్రం చేత్తో కొట్టేవాళ్ళు. 1999 నాటికి ధనుంజయ ఒక పాత కంప్యూటరూ, అట్టలు కొట్టే మిషనూ కొని సెంటర్ తెరిచాడు. గ్రాఫు గడులను కంప్యూటర్లోకి ఎక్కించి, మిషనుకు అందించే ప్రోగ్రామును సి భాషలో రాసింది వీణ. బోర్డు మీద మాత్రం సాఫ్ట్‌వేర్ ధనుంజయ అని ఉంటుంది. దాని గురించి ఒకసారి అడిగి, వచ్చిన జవాబు విని, మళ్ళీ అడగలేదు.

ఆ సెంటర్లో ఒక ఆచారం ఉంది. ధర్మవరంలో నేతగాళ్ళకు దొంగల భయం కంటే బొమ్మ దొంగల భయం ఎక్కువ. ఒకరు గీసిన అంచు వారం తిరక్కుండా పక్క వీధి మగ్గం మీద ప్రత్యక్షమవుతుంది, అడిగితే మా తాత గీసిందంటారు. అందుకని ధనుంజయ ఒక తెలివి చేశాడు. గ్రాఫు కంప్యూటర్లోకి ఎక్కిన వెంటనే, గీసినవాళ్ళ కళ్ళ ముందే ఆ కాగితాన్ని పెరట్లో కాల్చేస్తాడు. "చూసుకోండప్పా, ఇంక మీ బొమ్మ ఏ కంటికీ కనపడదు," అంటాడు. జనానికి అది భలే నచ్చింది. కొందరైతే అగ్గిపుల్ల తామే గీసేవాళ్ళు. రంగనాయకమ్మ తేరు కాగితాలు కూడా అట్లాగే ఆ పెరట్లో బూడిదయ్యాయి. ఫ్లాపీల్లో ఒక కాపీ పెడదామని వీణ మొదట్లోనే అంది. ఫ్లాపీని ఎవడైనా జేబులో వేసుకుని పోతే ఏం చేస్తావని ధనుంజయ కొట్టిపారేశాడు. కాబట్టి ఇప్పుడు ఆ తేరు ఈ లోకంలో ఎక్కడైనా ఉందంటే అది డి డ్రైవులోనే, ఆ డి డ్రైవునే వైరస్ ఊడ్చుకుపోయిందంటున్నాడు.

"పొద్దున వస్తానే ఏం చేసినారు సార్?" అని అడిగింది వీణ.

"ఏమీ చెయ్యలేదమ్మా."

"ఏదన్నా తీసేసినారా?"

"నా చిలక డిజైన్ ఉండాది కదా, అదొక్కటి తీసేసినా. పెనుకొండలో బేరం తెగితే వాళ్ళు ఈ సెంటర్ చూడనీకి వస్తారు, అప్పుడది కనపడితే బాగుండదని. దానికీ దీనికీ ఏం సంబంధం?"

ఆ చిలకను చూసి నేతగాళ్ళు ముక్కు పొడుగైన కోడి అని నవ్వేవాళ్ళు. తీసెయ్యాలనుకోవడంలో తప్పు లేదు. వీణ కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రోగ్రాం సి డ్రైవులో ఉంటుంది, దానికేమీ కాలేదు. తీసేసే భాగం తెరిచి చూసింది. తాను రాసిన లైన్లు ఉండాల్సిన చోట లేవు. లేవని ఆమెకు ముందే తెలుసు.

సంగతి ఏమిటంటే, డి డ్రైవులో ప్రతి నేతగాడికీ ఒక ఫోల్డరు, అందులో డిజైనుకొక ఫోల్డరు. చిలక ఉన్న దారి, అంటే దాని చిరునామా, డి, ధను, చిలక, మధ్య మధ్యలో ఏటవాలు గీతలు. ఏదైనా తీసేసే ముందు ప్రోగ్రాం ఆ దారిని గీతల దగ్గర విడదీసి, ఎవరిది, ఏ డిజైను అని తెర మీద చూపించి, తీసెయ్యాలా అని అడుగుతుంది. అట్లా విడదీయడానికి సి భాషలో స్టర్‌టోక్ అని ఒక ఫంక్షను ఉంది. దానికొక పాడు అలవాటు. ముక్కలు చెప్పి ఊరుకోదు, చేతికిచ్చిన దాన్నే కోసేస్తుంది. గీత ఉన్నచోట గీత చెరిపి సున్నా పెడుతుంది, సి భాషలో సున్నా వచ్చిందంటే మాట అక్కడితో అయిపోయినట్టే. చీర పొడుగెంతో చూపించమంటే చీరనే ముక్కలు కోసి చూపించే కొట్టువాడి వంటిది. అందుకే తెలిసినవాళ్ళు ముందు ఆ దారికి వేరే చోట ఒక నకలు తీసుకుని, కొయ్యడానికి ఆ నకలునే ఇస్తారు. అసలుది చెక్కుచెదరకుండా ఉంటుంది. వీణ అట్లాగే రాసింది. నకలు పట్టేంత చోటు ఉందా లేదా అని కూడా ముందే కొలిచి, చాలకపోతే కుదరదని చెప్పేటట్టు రాసింది.

ఇప్పుడు ఆ కొలతా లేదు, ఆ నకలూ లేదు. అసలు దారినే తీసుకుపోయి కత్తి కింద పెట్టారు. తెర మీద ధను, చిలక అని సరిగ్గానే కనిపించింది. ధనుంజయ సరేనని వై నొక్కాడు. అప్పటికే దారి మొదటి గీత దగ్గర తెగిపోయి, ఒట్టి డి మిగిలింది. ఆ దారిలో ఉన్నవన్నీ తీసెయ్యమన్నారు కదా, ప్రోగ్రాం నమ్మకంగా అన్నీ తీసేసింది. అడిగింది చిలక సంగతి, మింగింది డ్రైవు మొత్తం. డిజైను తెరిచేటప్పుడైతే ఫైలు ముందు తెరుచుకుని పేర్లు తర్వాత విడిపోతాయి, అందుకని ఇన్నాళ్ళూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. తీసేసే పని ఎవరికీ పడలేదు. బొమ్మలు పోగేసుకునేవాళ్ళే గానీ పారేసుకునేవాళ్ళు ధర్మవరంలో ఎవరున్నారు?

ఆ లైన్లు తీసేసింది ధనుంజయే. నెల కిందట ఎవరో పెద్ద షావుకారు వస్తే, ఆయన ముందు గొప్పకు పోయి ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఇంకో ఫోల్డరు పెట్టి, అన్నింటికీ ఇంత పొడుగు పేర్లు కొట్టాడు. ప్రోగ్రాం కొలిచి చూసి, దారి మరీ పొడుగు, కుదరదు అంది. షావుకారు నవ్వాడు. మర్నాడు వీణ వచ్చేసరికి కొలిచే లైనూ, నకలు తీసే లైనూ రెండూ మాయం. అడిగితే, "నా సెంటర్లో నాకే కుదరదని చెప్తుందా నీ ప్రోగ్రాం?" అన్నాడు. లైన్లు తగ్గితే ఇంకా ఫాస్టుగా పోతుందని కూడా అన్నాడు. ఇది ప్రమాదం సార్ అంటే, రాసేటప్పుడు బోర్డు మీద ఎవరి పేరుందో చూసుకోమన్నాడు. వీణకు రోషం పొడుచుకొచ్చింది. తలుచుకుంటే ఆయన టిఫినుకు పోయినప్పుడు ఆ లైన్లు తిరిగి పెట్టెయ్యగలదు. పెట్టలేదు. పడనీ, ఒకసారి పడితే తెలిసొస్తుంది అనుకుంది.

అది ఇప్పుడు గుర్తొచ్చింది గానీ వీణ దాన్ని పక్కకు నెట్టేసింది. ఎదురుగా ఉన్న మనిషి మీద కోపానికే చోటు చాలడం లేదు. అప్పుడే ఆమె కన్ను కంప్యూటరు కింద గుడ్డిగా వెలుగుతున్న ఎర్ర దీపం మీద పడింది. ఫ్లాపీ తిరుగుతోంది.

"ఇదేంది సార్? ఏం ఎక్కిస్తాండారు?"

"యాంటీవైరస్. రేపు ఎవరన్నా వచ్చి అడిగితే చూపించడానికి ఉండల్ల కదా. సి లో జాగా లేదు. డి ఎట్లానూ ఖాళీగా పడుండాది, ఆడ ఎక్కిస్తాండా."

వీణ వంగి గోడకున్న ప్లగ్గు పీకేసింది. తెర గుటుక్కుమంది.

తీసేసిన ఫైలు ఆ క్షణమే పోదు. డిస్కు దాని పేరులో మొదటి అక్షరం చెరిపి, ఈ జాగా ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. లోపలి బొమ్మ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఇంకేదో వచ్చి దాని మీద కూర్చునేదాకా. ఈ పెద్దమనిషి అబద్ధం నిజం చెయ్యడానికి ఫ్లాపీ తర్వాత ఫ్లాపీ తెచ్చి దాని మీద కూర్చోబెడుతున్నాడు. వీణ ఇదంతా అరిచి చెప్పింది.

"గొంతు తగ్గించు," అన్నాడు ధనుంజయ. "వైరస్ అంటే ఎవరి తప్పూ కాదు. బయట ఆయమ్మకు అదే చెప్పినా, నువ్వూ అదే చెప్పు. నేను పెనుకొండకు పోవల్ల, కుళ్ళాయప్ప కాసుకోనుంటాడు."

కుళ్ళాయప్ప పెనుకొండలో అట్టలు కొట్టే షాపు పెట్టుకున్నాయన. సోమందేపల్లి నేతగాళ్ళంతా ఆయన దగ్గరికే వస్తారు. పదిహేను రోజుల కిందట ధనుంజయ ఈ ప్రోగ్రామునే ఆయన కంప్యూటర్లో వాడి చూసుకొమ్మని ఎక్కించాడు. ఈ రోజు బేరం తెగాలి.

"డిస్కు విప్పుతా సార్," అంది వీణ. "హిందూపురం తీసుకపోతా. నాకు చదువు చెప్పిన వేణు సార్ దగ్గర, పోయినవి లేపే ప్రోగ్రాం ఉండాది."

"ఊరూరా తిరిగి నా సెంటర్ పేరు చాటిస్తావా? డిస్కు మీద చెయ్యి వేసినావంటే రేపటి నుంచి పనికి రావద్దు."

"రాను."

గుమ్మంలో నీడ పడింది. రంగనాయకమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఇద్దరూ చూసుకోలేదు.

"వైరస్ అంటే పురుగంటనే," అంది. "పడుగుకు పట్టే పురుగు చూసినా, పట్టును కొరికే పురుగు చూసినా. ఈ పురుగు ఏం పురుగప్పా ధనుంజయా?"

ధనుంజయ గడియారం చూసుకుని బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. "బస్సు పోతాదక్కా, సాయంత్రం వచ్చి మాట్లాడతా," అని ఆమె పక్క నుంచి ఒత్తిగిలి దిగి వెళ్ళిపోయాడు. అంతే, వెనక్కి తిరిగి చూడలేదు.

"పురుగూ కాదు గిరుగూ కాదక్కా," అంది వీణ. "ప్రోగ్రాంలో తప్పు. ఒక్కటి తీసెయ్యమంటే అన్నీ తీసేసింది."

"నా తేరు ఉండాదా, పోయిందా? అది చెప్పు."

"ఉండొచ్చు. ఇప్పుడే పోతే."

"అయితే పద. నా బొమ్మ యాడికి పోతే నేనూ ఆడికే."

వీణ స్క్రూలు విప్పి డిస్కు బయటికి తీసింది. రంగనాయకమ్మ దాన్ని తన తువ్వాల్లో చుట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టేది. వీణ కిటికీ పక్కన కూర్చుని మనసులోనే ధనుంజయను తిట్టడం మొదలుపెట్టి, పెనుకొండ దాటినా ఆపలేదు. సోమందేపల్లిలో బస్సు ఆగి, జనం దిగి, జనం ఎక్కారు. ఆమె తిట్లు ఇంకా బోర్డు మీద పేరు దగ్గరే ఉన్నాయి. ఉద్యోగం పోయిందన్న సంగతి కూడా ఆ కోపంలో తియ్యగానే ఉంది.

వేణు సార్ ఇన్‌స్టిట్యూట్ హిందూపురం బస్టాండు వెనక మేడ మీద. వీణ చెప్పింది విని ఆయన ఒక్కటే అన్నాడు. "కొయ్యాలంటే నకలు కొయ్యమని మీ బ్యాచ్‌కు గొంతు పోయేటట్టు చెప్పినా గదమ్మా."

"నేను నకలే కోసినా సార్. ఆయన తీసేసినాడు."

ఆయన డిస్కును తన మిషనుకు తగిలించాడు. కాసేపటికి తెర మీద పేర్లు దిగడం మొదలైంది. అన్నింటికీ మొదటి అక్షరం పోయింది, దాని బదులు ప్రశ్న గుర్తు. తలలు తెగిన పేర్లు. ఏది ఎవరిదో గుర్తుపట్టి తల అతికించడం వీణ పని. రంగనాయకమ్మ ఫోల్డరు దొరకగానే ప్రశ్న గుర్తు చోట ఆర్ కొట్టింది. ఫోల్డరు తెరుచుకుంది.

పాత డిజైన్లు ఒకటొకటే లేచాయి. రంగనాయకమ్మకు ఇంగ్లీషు రాదు గానీ బొమ్మ తెర మీద పడగానే పేరు చెప్పేది. "ఇది మా పెద్దపాప పెండ్లికి వేసింది. ఇది రుద్రాక్ష అంచు. ఇది బాగ రాల్యా, పోయినా బాగుండు." ఆ మాటకు వేణు సార్ కూడా నవ్వాడు. వీణ ఊపిరి పీల్చుకుంది. అంతా దక్కింది, ఇంక ఆ మనిషి ముఖం మీద విసిరికొట్టొచ్చు అనుకుంది.

చివరికి తేరు తెరుచుకుంది. గొడుగు వచ్చింది. మొదటి అంతస్తు, హంసలు. రెండో అంతస్తు, హంసలు. మూడో అంతస్తులో ఒక హంసకు మెడ సగం వరకే వచ్చింది. అక్కడి నుంచి అడుగు దాకా చుక్కలు. ఏ వరుసా లేదు, ఏ ఆకారమూ లేదు, ఎవరో పిడికెడు ఆవాలు విసిరినట్టు చుక్కలు.

వీణ మూసి మళ్ళీ తెరిచింది. అదే చుక్కలు.

వేణు సార్ ఆ ఫైలు లోపల అక్షరాల్లో ఏముందో చూశాడు. కాసేపు చదువుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది బొమ్మ కాదు వీణా. యాంటీవైరస్ వాళ్ళ వైరస్ పేర్ల పట్టిక. ఇది వచ్చి సరిగ్గా దీని మీద పడింది. దీని కింద ఉన్నది ఇంక రాదు."

"చక్రాలు యాడ?" అంది రంగనాయకమ్మ.

తెర అడుగున చుక్కల మీద వేలు పెట్టింది.

"చక్రాలు యాడమ్మే? తేరుకు చక్రాలు లేకపోతే ఎట్లా?"

వీణ చెప్పింది. పొద్దున డ్రైవు పోయినప్పుడు తేరు పోలేదు, చక్రాలతో సహా అంతా లోపలే ఉంది. ఆ తర్వాత, వైరస్ అని నమ్మించడానికి ధనుంజయ ఎక్కించినది వచ్చి దాని మీద కూర్చుంది. అప్పటికి నువ్వు అరుగు మీదే ఉన్నావక్కా.

రంగనాయకమ్మ ముఖం నల్లబడింది. ధనుంజయను తిడుతుందని వీణ ఎదురుచూసింది, తానూ గొంతు కలపడానికి సిద్ధంగా ఉంది. ఆమె తిట్టలేదు. తెర మీద నుంచి చూపు తీసి వీణ వైపు తిప్పింది.

"ఆ లైనేదో తీసేసినాడంటివే. తీసేసినాడని నీకెప్పుడు తెలుసు?"

"నెల కిందట."

"తిరిగి పెట్టడం నీకు రాదా?"

"వచ్చు."

"మరెందుకు పెట్టల్యా?"

వీణ నోరు తెరిచింది. బోర్డు మీద పేరు, షావుకారు నవ్వు, ఫాస్టు, అన్నీ నాలిక చివరి దాకా వచ్చాయి. "కోపమక్కా," అంది చివరికి. "ఒకసారి పడితే ఆయనకే తెలిసొస్తుందనుకుంటి."

"వాని మీద కోపమొస్తే వాని చిలకను కాల్చుకోవల్ల. మీ ఇద్దరి కోపానికి నా తేరే దొరికిందా?"

అరిచి అన్నా బాగుండేది. మెల్లగా అంది. వీణ పొద్దున్నుంచీ ఎంత కోపం మోసుకుని తిరిగిందో అదంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగి, ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

మిగతా నేతగాళ్ళ బొమ్మలు సాయంత్రానికి లేపుతాను, డిస్కు ఇక్కడే ఉండనీ అన్నాడు వేణు సార్. రంగనాయకమ్మవి ఫ్లాపీలకు ఎక్కించి ఇచ్చాడు. ఆమె వాటిని లెక్క కూడా చూసుకోకుండా కొంగున కట్టుకుని మెట్లు దిగింది.

ఇల్లు హిందూపురంలోనే అయినా, ఆమెను ధర్మవరంలో దిగబెట్టాలని వీణ కూడా తిరుగు బస్సెక్కి పక్కనే కూర్చుంది. మగ్గం మీద పడుగు ఎదురుచూస్తోందని ఇద్దరికీ తెలుసు. చక్రాలు మళ్ళీ గీసి, గడులు నింపి, అట్టలు కొట్టేసరికి శ్రావణం వెళ్ళిపోతుందని కూడా తెలుసు. సోమందేపల్లిలో బస్సు ఆగినప్పుడు ఇద్దరు నేతగాళ్ళు ఎక్కారు. ఒకాయన చేతిలో చుట్టిన గ్రాఫు కాగితాలు. పెనుకొండకు రెండు టిక్కెట్లు తీసుకున్నారు.

వీణ ఆ కాగితాల చుట్టనే చూస్తూ కూర్చుంది. ఆమె లోపలి నుంచి పాత గొంతే ఒకటి లేచింది. పడనీ. అక్కడ కూడా పడితే అప్పుడు తెలిసొస్తుంది ఆయనకు, ఊళ్ళన్నీ కలిసి తంతాయి. ఆ మాట ఎంత అలవాటుగా, ఎంత సుఖంగా వచ్చిందో చూసి ఆమెకే అసహ్యం వేసింది.

"అక్కా, నేను పెనుకొండలో దిగుతా," అంది. "కుళ్ళాయప్ప మిషన్లో ఎక్కించింది కూడా ఆ ప్రోగ్రామే. కాగితాలు కాల్చే పద్ధతి కూడా నేర్పించినాడు."

బస్సు ఆగబోతుంటే వీణ కంటే ముందు రంగనాయకమ్మే లేచింది.

కుళ్ళాయప్ప షాపులో ధనుంజయ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. పక్కన తాంబూలం పళ్ళెం. బేరం తెగినట్టే ఉంది. కుళ్ళాయప్ప బక్కపలచటి మనిషి, కొత్త పెళ్ళికొడుకులా సంబరంగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. బస్సులో వచ్చిన నేతగాళ్ళు కూడా వెనకే లోపలికి వచ్చారు.

"మా స్టాఫు అమ్మాయేనన్నా," అన్నాడు ధనుంజయ. ఆయన గొంతు నున్నగా అయిపోయింది.

వీణ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. పొద్దున ఏమైందో, ఎందుకు అయిందో, ఏ లైను ఉండాలో, అది ఎవరు తీసేశారో చెప్పింది. "తీసేసింది ఈయన. చూసి కూడా తిరిగి పెట్టకుండా ఊరుకున్నది నేను. మీ మిషన్లో ఉన్నది కూడా అదే. ఏ ఒక్క డిజైన్ తీసెయ్యమన్నా అన్నీ పోతాయి," అంది. సోమందేపల్లి ఆయన చేతిలోని కాగితాల చుట్టను గట్టిగా పట్టుకున్నాడు.

కుళ్ళాయప్ప ధనుంజయ ముఖం చూశాడు. "ఏమబ్బా, ఈ పాప ఏమో చెప్తాండాది?"

ధనుంజయ నవ్వాడు. "పని నుంచి తీసేసినానని కోపమన్నా. మా దగ్గర వచ్చింది వైరస్. అది ఈడికి రాల్యా కదా, నీ మిషన్ శుభ్రంగా ఉండాది. నా ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు."

వీణ జవాబు చెప్పబోయింది. రంగనాయకమ్మ ఆమె మోచెయ్యి పట్టి ఆపి, తానే ముందుకు వచ్చింది.

"కుళ్ళాయప్పా, నీ మిషన్లో పనికి రాని బొమ్మ ఏదన్నా ఉండాదా?"

"ఉండాదమ్మా. మొదట్లో నేర్చుకునేదానికి మామిడికాయ ఒకటి ఎక్కించినాము. వంకరగా వచ్చింది."

"దాన్ని తీసెయ్యమను. ఈయన ప్రోగ్రామే గదా, ఈయన్నే తీసెయ్యమను."

కుళ్ళాయప్పకు అందులో కష్టమేమీ కనపడలేదు. తానే వంగి, నేర్చుకున్న పద్ధతిలో మామిడికాయను ఎంచాడు. తెర మీద కుళ్ళాయప్ప, మామిడి అని పేర్లు వచ్చాయి, తీసెయ్యాలా అని ప్రశ్న వచ్చింది. ఆయన పక్కకు తప్పుకుని కీబోర్డును ధనుంజయ ముందుకు జరిపాడు.

ధనుంజయ చెయ్యి చాపాడు. వేలు వై మీదికి వచ్చింది. అక్కడే ఆగింది.

వెనక నేతగాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. ఆ తెర వెనక వాళ్ళవి ఎన్ని బొమ్మలు ఉన్నాయో వాళ్ళకు తెలుసు, వాటి కాగితాలు ఎక్కడ కాలాయో కూడా తెలుసు.

"నొక్కప్పా," అంది రంగనాయకమ్మ. "తప్పేమీ లేదంటివి గదా. నొక్కు."

ధనుంజయ వేలు కింది దాకా దిగి, మళ్ళీ లేచింది. కుళ్ళాయప్ప ఆ వేలునే చూస్తున్నాడు. ఆయన ముఖంలో పెళ్ళికొడుకు కళ ఎప్పుడో పోయింది.

"ఈడ వేలు వణుకుతాండాదే," అంది రంగనాయకమ్మ. "పొద్దున నా తేరు మీద వేసేటప్పుడు వణకల్యా."

ధనుంజయ ఆమె వైపు చూడలేదు. చెయ్యి మాత్రం కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.